ఆ ఏడుపు వెనక ఏముంది?

హోంవర్కు పుస్తకం ముందు పెట్టగానే పిల్లాడు విసిరికొడతాడు. వాళ్లమ్మకి ఒళ్లు మండి వీపు మీద ఒకటి వేసి, “పో, నా కళ్లెదుట ఉండకు” అని తరిమేస్తుంది. బుద్ధొస్తుందని ఆవిడ ఆశ. వాడికి కావలసిందీ అదే, లెక్కలు తప్పాయి! రేపూ విసురుతాడు.

పిల్లలు చేసే పనికి ముందు ఏం జరిగింది, తర్వాత వాళ్లకి ఏం దొరికింది అని చూసే శాస్త్రమే అప్లయిడ్ బిహేవియర్ ఎనాలిసిస్. ఆటిజం ఉన్న పిల్లల తల్లులకు ‘ఏబీఏ’ అనే పేరు పరిచయమే. మీట నొక్కిన ఎలుకకు తిండి పెట్టి స్కిన్నర్ 1930లలో చేసిన ప్రయోగాలు దీనికి పునాది. 1968లో బేర్, వుల్ఫ్, రిస్లే దీనికి స్పష్టమైన రూపం ఇచ్చారు.

ఒకేలా కేకలు పెట్టే నలుగురిలో ఒకరికి అమ్మ చూపు కావాలి, ఒకరికి బిస్కట్టు కావాలి, ఒకరికి చెప్పిన పని తప్పాలి, ఇంకొకరికి ఆ కేకే ఇంపు. అందరికీ ఒకే మందు ఎలా పనిచేస్తుంది? పంటినొప్పో చెవిపోటో చెప్పుకోలేక అరిచే పిల్లలూ ఉంటారు. ముందు డాక్టరుకి చూపించాలి.

వుల్ఫ్ బృందం 1964లో ప్రచురించిన ఉదంతం ఒకటి చెబుతాను. శుక్లాల ఆపరేషన్ అయిన మూడున్నరేళ్ల బాబు. కళ్లద్దాలు పెట్టుకోకపోతే చూపు పోతుంది. వాడేమో దగ్గరికి రానివ్వడు, కోపమొస్తే తల బాదుకుంటాడు. బలవంతపెట్టకుండా, గదిలో అద్దాల్లేని ఉత్త ఫ్రేములు పెట్టారు. ముట్టుకుంటే చిన్న మిఠాయి ముక్క. తర్వాత పట్టుకుంటేనే, ఆ తర్వాత కళ్లదాకా తెస్తేనే. అది చాలక ఉదయపు ఫలహారాన్నే కొంచెం కొంచెంగా బహుమతిగా ఇచ్చారు (ఇక్కడ మాత్రం నా మనసు చివుక్కుమంటుంది). చివరికి బాబు రోజుకి పన్నెండు గంటలు కళ్లద్దాలు పెట్టుకున్నాడు. పెద్ద పనిని ఇలా చిన్న మెట్లుగా విడగొట్టడమే ఇందులో కిటుకు.

కష్టమైనది మరొకటుంది. ఏడ్చినా ఇవ్వకూడదని మీరు నిశ్చయించుకున్న రోజున ఏడుపు తగ్గదు సరికదా, పెరుగుతుంది. అరగంట ఓర్చుకుని, “పోనీలే ఇచ్చెయ్యమ్మా” అని అత్తగారు అన్నారని ఇచ్చేశారనుకోండి, ఈసారి అరగంట ఏడవాలని వాడు నేర్చుకుంటాడు. అయినా ఏడుపు ఒక్కటే ఆపితే ఏం లాభం? వాడికి అడిగే దారి చూపాలి కదా! మాటలు రాని పిల్లలకి బొమ్మ చూపించి అడగడం, ‘చాలు’ అని చెయ్యి ఊపడం నేర్పవచ్చు. హోంవర్కు పిల్లాడికి “రెండు లెక్కలు చెయ్, కాసేపు ఆడుకో” అంటే సరి. చేసిన వెంటనే పంపాలి, గంట తర్వాత కాదు.

ఈ పద్ధతికి మచ్చ లేకపోలేదు. అమెరికాలో లోవాస్ 1960లలో పిల్లలను కొట్టడం, కరెంటు షాకివ్వడం కూడా చేశాడు. వారానికి నలభై గంటల శిక్షణతో పందొమ్మిదిమందిలో తొమ్మిదిమంది మామూలు బడికి వెళ్లగలిగారని 1987లో ఆయన ప్రకటించాకే ఏబీఏకి గిరాకీ పెరిగింది. అలాంటి శిక్షణలో పెరిగి పెద్దవాళ్లైన ఆటిజం వ్యక్తులు కొందరు, “కళ్లలోకి చూడమని, చేతులు కదపొద్దని మమ్మల్ని వేధించారు” అంటున్నారు. వాళ్ల మాట వినాల్సిందే. కళ్లద్దాలు పెట్టుకోకపోతే చూపు పోతుంది, చేతులాడిస్తే ఎవరికేం పోతుంది?

మీ పిల్లల్ని ఏదైనా సెంటర్‌లో చేర్పించేముందు, “వాడు వద్దంటే మీరేం చేస్తారు?” అని అడగండి. లోపల కూర్చుని చూస్తామనండి. తల్లిని గుమ్మం బయటే ఆపే చోటికి ఫీజు కట్టకండి.