మధ్యాహ్నం కూడా మందిరం తలుపు తీద్దాం

కోతల కాలం. పొలంలో ఉన్న తండ్రి దగ్గరికి వెళ్లాడు ఆ పిల్లవాడు. కాసేపటికే తల పట్టుకుని నొప్పి అంటూ అల్లాడిపోయాడు. మామూలు తలనొప్పే అనుకున్నాడేమో, తల్లి దగ్గరికి తీసుకెళ్లమని తండ్రి పనివాడికి పురమాయించాడు. మధ్యాహ్నం దాకా తల్లి ఒడిలో ఉండి ఆ బిడ్డ కన్నుమూశాడు (2 రాజులు 4:18-20). ఎలీషా ప్రార్థన విని దేవుడు ఆ షూనేమీయురాలి కొడుకును బతికించిన సంగతి మనందరికీ తెలుసు. కానీ ఆ బిడ్డ ఎందుకు చనిపోయాడో ఎప్పుడైనా ఆలోచించామా? అది వడదెబ్బేనని చాలామంది బైబిలు వ్యాఖ్యాతల అభిప్రాయం.

దొనకొండ రైల్వేస్టేషన్ దగ్గర బరువులు మోసేవారికి, మార్కాపురం పలకల గనుల్లో రాయి తీసేవారికి, గిద్దలూరు బజారులో తోపుడుబండి నెట్టేవారికి ఎండ గురించి ఎవరూ చెప్పనక్కర్లేదు. 2015 మే నెలలో వీచిన వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్‌లో 1,300 మందికి పైగా చనిపోయారు. ప్రాణనష్టం ఎక్కువగా జరిగిన జిల్లాల్లో ప్రకాశం ఒకటి. పోయినవారిలో చాలామంది రెక్కాడితే గాని డొక్కాడని కూలీలు, ముసలివారు.

ఎండ అందరి మీదా ఒకేలా కాస్తుంది గాని, అందరినీ ఒకేలా చంపదు. రేకుల ఇల్లు పగలంతా వేడిని పీల్చుకుని రాత్రి లోపలికే వదులుతుంది. పగలు అలసిన ఒంటికి రాత్రి కూడా సేద ఉండదు. కరెంటు పోతే ఉన్న ఒక్క ఫ్యానూ ఆగిపోతుంది. ఫ్లోరైడ్ నీళ్ల ప్రాంతం కనుక తాగేనీటిని కొనుక్కోవాలి. ఎండగా ఉందని పని మానితే పూట గడవదు. 1995 జూలైలో అమెరికాలోని షికాగో నగరంలో వడగాడ్పులకు 700 మందికి పైగా చనిపోయారు. వారిలో ఎందరో మూసిన గదుల్లో ఒంటరిగా ఉన్న వృద్ధులు. వారి తలుపు తట్టినవారు లేరు. అంత సంపన్న దేశంలోనూ ఒంటరితనమే ఎండకు తోడైంది.

దీనికి మార్గం లేకపోలేదు. 2010 ఎండలకు ఎందరినో పోగొట్టుకున్న అహ్మదాబాద్ నగరం 2013లో వడగాడ్పుల ప్రణాళిక సిద్ధం చేసుకుంది. ముందుగా హెచ్చరించడం, మంచినీళ్లు అందించడం, ఆస్పత్రి సిబ్బందికి శిక్షణ ఇవ్వడం అందులోని పనులు. తర్వాతి కాలంలో పేదల ఇళ్ల కప్పులకు తెల్లసున్నం కూడా వేయించారు. సున్నం వేసిన కప్పు కింద వేడి కొన్ని డిగ్రీలు తగ్గుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని కప్పుల విధానాన్నే తెచ్చింది.

మరి సంఘంగా మనమేం చేస్తున్నాం? దేవుడు దరిద్రులకు ఎండ తగలకుండా నీడగా ఉంటాడని యెషయా ప్రవక్త ద్వారా విన్నాం (యెషయా 25:4). ఆదివారం ఆ నీడను గురించి పాడుతాం. సోమవారం మందిరానికి తాళం వేస్తాం. మన మందిరాల్లో స్లాబు ఉంది, ఫ్యాన్లు ఉన్నాయి, చాపలు ఉన్నాయి. పక్క వీధిలో రేకుల కింద ఒక అవ్వ ఉడికిపోతుంటే అవన్నీ ఆరు రోజులు ఖాళీగా పడి ఉంటాయి.

మన పెద్దలు అలా చేయలేదు. 1876-78 కరవులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడు మైళ్లకు పైగా తవ్వకం పని కాంట్రాక్టుకు తీసుకుని ఆకలితో ఉన్న వేలమందికి కూలి ఇప్పించారు. కరవు సాయం సాగినంత కాలం బాప్తిస్మాలు ఆపేశారు, అన్నం కోసం ఎవరూ మతం మారకూడదని. ఆ తర్వాతే 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. షరతు లేని సహాయమే ఈ ప్రాంతపు సంఘాలకు పునాది.

కాబట్టి ఈ వేసవిలో పన్నెండు నుంచి నాలుగు వరకు మందిరం తలుపు తీద్దాం. రెండు కుండల చల్లని నీళ్లు, కొన్ని ఓఆర్ఎస్ పొట్లాలు, నాలుగు చాపలు చాలు. ఏ మతమని అడగవద్దు. యౌవనస్థులు వీధిలోని ఒంటరి వృద్ధుల ఇళ్లకు రోజుకు రెండుసార్లు వెళ్లి పలకరించాలి. కానుకలో కొంత తీసి పేద ఇళ్ల కప్పులకు సున్నం వేయించవచ్చు. ఒళ్లు కాలిపోతూ, మాట తడబడుతూ, మతి తప్పినట్టు ఎవరైనా కనిపిస్తే వెంటనే నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒంటిమీద నీళ్లు పోస్తూ విసరాలి. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయకూడదు. 108కి ఫోన్ చేయాలి. ప్రార్థన చేద్దాం, అయితే చేతులు ఆపి కాదు.

షూనేమీయురాలు దారినపోయే దైవజనుని కోసం మేడమీద చిన్న గది కట్టించి మంచం, బల్ల, పీట, దీపం అమర్చింది. పరాయివాని కోసం సిద్ధం చేసిన ఆ గదిలోనే, ఆ మంచం మీదే ఆమె బిడ్డ మళ్లీ కళ్లు తెరిచాడు. మనకూ గది ఉంది. తాళం మన చేతిలోనే ఉంది.