స్ప్రింగు చీల చేయు పని



బండి యిరుసు కొనయందు చీల యున్నంతవరకు చక్రము జాఱదు. అది మనమందఱ మెఱిగిన చీల. నేడు నేను చెప్పబోవునది దానికంటె నొక మెట్టు తెలివిగల చీల. దాని వెనుక చుట్టలుగా వంచిన తీగ, అనగా స్ప్రింగు, ఉండును. త్రోసినచో వెనుకకు బోవును. విడిచినచో తనంతట ముందునకు వచ్చి, ఎదుట రంధ్రమున్నయెడల నందు దూరి నిలుచును. ఈ గుణముచేతనే వస్తువును తన తావున నుంచుటకును, ఒక్కొక్క యడుగు కొలిచి త్రిప్పుటకును యంత్రములయందు దీనిని వాడుదురు.

దీనిని చూచుటకు పెద్ద కార్ఖానాలకు బోనక్కఱలేదు. మా కొత్తచెరువునకు ఉత్తరముగా నున్న ధర్మవరమున పట్టుచీర నేయు మగ్గము నొద్ద కూర్చుండిన చాలును. మగ్గముపై బిగించిన జాకార్డు యంత్రమే దీనికి నిలయము. ఫ్రాన్సుదేశమున లియాన్ నగరమునకు చెందిన జోసెఫ్ మారీ జాకార్డు పేర నిది 1804లో వెలసినది. సర్వమును ఆతడొక్కడే కల్పించెననుట న్యాయము కాదు. 1725లో బూషోన్ రంధ్రముల కాగితమును, 1728లో ఫాల్కన్ అట్టలను, 1745లో వోకాన్సన్ తనంతట నడచు నేర్పాటును తెచ్చి యుండిరి.

అంచునందు పువ్వు తేలవలెనన్న, పేక పోవు ప్రతిసారియు కొన్ని పడుగుపోగులు లేవవలెను, కొన్ని లేవరాదు. ఏవి లేవవలెనో చెప్పునది రంధ్రములు పొడిచిన అట్ట. 240 కొక్కెముల జాకార్డులో 240 సూదులు అడ్డముగా పండుకొనియుండును. ప్రతి సూది కంటిలోనుండి యొక నిలువు కొక్కెము పోవును; ప్రతి సూది వెనుక నొక స్ప్రింగు. నాలుగు పలకల దిమ్మె అట్టను మోసికొని వచ్చి సూదుల మొనలకు తాకును. రంధ్రమున్నచోట సూది యందు దూరి కదలకుండును. దాని కొక్కెము పైకి లేచు ఇనుపబద్దకు తగులుకొని పోగును లేపును. రంధ్రము లేనిచోట సూది వెనుకకు బోవును, కొక్కెము బద్దనుండి తప్పుకొనును, పోగు క్రిందనే యుండును. దిమ్మె తొలగగానే స్ప్రింగు సూదిని మఱల తన తావునకు త్రోయును.

ఆ స్ప్రింగు అలసెననుకొనుడు. సూది వెనుకనే చిక్కుకొనును. లేవవలసిన పోగు లేవదు. పువ్వు పువ్వునకు అదే చోట సన్నని గీత పడును. నేను చూచిన యొక మగ్గమున అరగజము నేసిన పిదప గాని యీ తప్పు కంటబడలేదు. అంతయు నొక్కొక్క పేకగా విప్పవలసి వచ్చినది. కాసు విలువ చేయని తీగచుట్టపై నేతగాని కూలి యంత యాధారపడి యున్నది.

ఇక దిమ్మె మాట. ఒక యట్ట పని ముగియగానే అది సరిగా పావుచుట్టు, అనగా 90 డిగ్రీలు, తిరుగవలెను. త్రిప్పునది యొక కొక్కి. కాని కొక్కి విసరుగా త్రిప్పును, సరిగా నిలుపజాలదు. నిలుపునది దిమ్మె కొనయందలి నాలుగు చీలలపై స్ప్రింగుతో నొత్తియుండు సుత్తి. మూల పైకి వచ్చినప్పుడది యొదిగి దారి యిచ్చును. పలక సరిపడగానే వత్తి పట్టును. అట్టను దిమ్మెపై కుదుర్చునవి మాత్రము వేఱు: అట్ట కొనలందలి పెద్ద రంధ్రములలో దూరు మొనదేలిన చీలలు.

ఇచట నొక భేదము గలదు. గుండ్రని మొనగల స్ప్రింగు చీల, బలముగా త్రిప్పినచో తానే లేచి తరువాతి గుంటలో పడును. అది యాపును గాని బంధింపదు. తిన్నని మొనగల చీల, చేత లాగినగాని రాదు, అది బంధించును. మొదటిదానికి బలము స్ప్రింగే. రెండవదానికి బలము చీల యుక్కును, రంధ్రపు గోడయు. స్ప్రింగు దానిని లోనికి పంపు సేవకుడు. వదులు కనబడగానే స్ప్రింగు బిగించుట మనవారి యలవాటు. రంధ్రము అరిగినప్పుడు ఎంత బిగించినను ఆ వదులు పోదు. జాకార్డులో నైతే కఠినమైన స్ప్రింగు చేత సూదియే అట్టను పొడిచి, లేని రంధ్రము చేయును. మెత్తని స్ప్రింగే నా పక్షము.

బంధించు చీలకు మేలైన నిదర్శనము పండ్లచక్రములు కోయు పనిముట్టు. అందు పిడిని 40 చుట్లు త్రిప్పిన, కోయబడు వస్తువు ఒక చుట్టు తిరుగును. 32 పండ్లు కావలెనన్న, పంటి కొకటింబావు చుట్టు: 20 రంధ్రముల వలయమున ఒక నిండు చుట్టును, పైన 5 రంధ్రములును. పిడియందలి స్ప్రింగు చీలను లాగి, త్రిప్పి, విడిచినచో రంధ్రమున పడును. దాటి పోయినచో కొంచెము వెనుకకు త్రిప్పి ఊరకుండరాదు; బాగుగా వెనుకకు బోయి, మఱల అదే దిక్కున రావలెను. లేకున్న పండ్ల సందులలోని వదులు కొలతలో చేరును.

మగ్గపు అట్టవంటి యట్టయే 1890లో అమెరికా జనాభా లెక్కలకు పనికివచ్చినది. హెర్మన్ హాలెరిత్ యంత్రమున స్ప్రింగు సూదులు రంధ్రములలో దూరి, క్రింది పాదరసపు గిన్నెలను తాకి, విద్యుత్తును పాఱించి లెక్కముల్లును కదల్చెడివి.

మగ్గము గలవా రెవరైన నడిగినచో నేను చెప్పునది యింతే. నూతన యట్టలు కట్టుటకు ముందు, అట్ట తీసివేసి, చదునైన చెక్కతో సూదుల మొనల నన్నిటిని ఒక్కమాటు వెనుకకు ఒత్తి, తటాలున విడువుడు. ఆలసించి వచ్చు సూది యేదో అప్పుడే కనబడును. దాని స్ప్రింగు మార్చుడు. చమురు పోయకుడు, ధూళి పట్టి జిడ్డగును, పట్టుపై బొట్టు పడినచో పోదు.