ఆంగ్లమున వస్త్రపదములు

మొన్న మా యింటికి వచ్చిన యొక సోదరి తన కష్టము చెప్పికొనెను. అమెరికాకు కాపురమునకు వెళ్ళిన క్రొత్తలో ఆమె యొక యంగడిలో ‘జాకెట్టు’ చూపుమనగా, అంగడివారు చలికి తొడుగుకొను దళసరి కోటును తెచ్చి ముందు పెట్టిరట. ప్రక్కవారు నవ్విరి. నాటినుండి ఆమె ఒంటరిగా అంగడికి పోవుటయే మానుకొనెను.

తప్పామెది కాదు. మనము రవికను జాకెట్టనుట కలవాటుపడితిమి. ఆంగ్లమున దానిని బ్లౌజనవలెను. ఆంగ్లేయులకును అమెరికావారికిని నడుమనే ఇట్టి చిక్కులు కలవు. ప్యాంట్సనగా ఇంగ్లండులో లోదుస్తు, అమెరికాలో పంట్లాము. వెస్టనగా అచ్చట బనీను, ఇచ్చట చేతులులేని పొట్టి కోటు. క్లాత్ అనగా తానులోని గుడ్డ; క్లోత్స్ అనగా ధరించు బట్టలు. ఈ రెండవదానికి ఏకవచనము లేదు.

క్రియల విషయమున మన భాషయే సంపన్నమని మా యభిప్రాయము. మనము చీర కట్టుకొందుము, రవిక తొడుగుకొందుము, శాలువ కప్పుకొందుము, పూలు ముడుచుకొందుము, గాజులు వేసికొందుము. ఆంగ్లమున వీనికన్నిటికి ‘వేర్’ ఒక్కటియే చాలును! అయిన నొక మెలకువ కలదు: కట్టుకొనుచున్నప్పుడు ‘పుట్ ఆన్’ అనవలెను, కట్టుకొనియున్నప్పుడే ‘వేర్’. మనవారు తఱచుగా తడబడునది ఇచ్చటనే.

ఇక చింట్జ్ అను మాట కథ వినదగినది. అది మన చీటిగుడ్డయే. పదునేడవ శతాబ్దమున మచిలీపట్టణము మొదలగు రేవులనుండి ఓడలలో పోయిన అద్దకపు గుడ్డలను చూచి ఆంగ్లేయ స్త్రీలు మురిసిపోయిరి. అచ్చటి ఉన్ని, పట్టు నేతగాండ్రు తమ పొట్ట కొట్టుచున్నారని మొఱపెట్టగా, అద్దకపు నూలుగుడ్డలను ధరించుటయే నేరమని 1721లో చట్టము చేసిరి. 1774లో దానిని సడలించిరి గాని, అదియును తమ దేశమున నేసిన గుడ్డలకే. నేడు ‘చింట్జీ’ అనగా చవుకబారుదని యర్థము. అంతటి గుడ్డకు ఎంతటి మర్యాద!

కాలికో అను పేరు కోళిక్కోడునుండి వచ్చినదనియు, డంగరీ బొంబాయిలోని డోంగ్రీ పేరనియు, షాల్, పైజామా, ఖాకీ అను మాటలు కూడ మన దేశమునుండియే అటు పోయినవనియు మేము చెప్పగా ఆ సోదరి, “అయితే ఆ యంగడిలో సగము మాటలు మనవేనటండీ! వచ్చేవారము నేనే పోయి బ్లౌజు అడిగి తెచ్చుకొనెదను” అనెను.