మైదానం లేని బడి నుంచి కత్తిసాము పోటీకి

మా బడికి మైదానం లేదు. ఉత్తర చెన్నైలో ఒక ఇరుకు వీధిలో రెండంతస్తుల కట్టడం మాది. పొద్దున ప్రార్థన జరిగే జాగాలోనే మధ్యాహ్నం పిల్లలు భోజనాలకు కూర్చుంటారు. ఖోఖో ఆడించాలన్నా పక్క వీధికి వెళ్ళాలి. అలాంటి బడి నుంచి ఇప్పుడు ఆరుగురు పిల్లలు వారానికి మూడు సాయంత్రాలు ఫెన్సింగ్ క్లబ్బుకు వెళ్తున్నారు.

దీనికి కారణం ఒక టీసీ. రెండేళ్ళ కిందట జూన్‌లో ఏడో తరగతి అమ్మాయి తండ్రి వచ్చి టీసీ అడిగారు. "చదువు గురించి కాదు టీచరమ్మా, మీరు బాగానే చెబుతారు. కానీ బయటి పిల్లలకున్నవేవీ మా పిల్లకు లేవు. తెలుగు మీడియం అంటే ఇంతేగా?" అన్నారు. ఆ తరగతిలో ఉన్నదే పదకొండు మంది. ఒకరు వెళ్తే మరుసటి ఏడు ఇద్దరు వెళ్తారని, ఆపైన ఆ తరగతే ఉండదని భాషా అల్పసంఖ్యాక బడుల్లో పనిచేసేవారికి ఒకరు చెప్పనక్కర్లేదు. ఆయన్ను ఒక్క ఏడాది ఆగమన్నాం. ఏం చేస్తామో మాత్రం అప్పటికి మాకే తెలియదు.

అప్పుడు గుర్తుకొచ్చింది సి.ఎ. భవానీదేవి. చెన్నైలో పుట్టి పెరిగిన తెలుగింటి ఆడపిల్ల. కుటుంబం మూలాలు సామర్లకోటలో ఉన్నాయి. తండ్రి అర్చకులుగా ఉండేవారు. 2004లో ఇక్కడి బడిలో చదువుతుండగా ఆమె ఫెన్సింగ్‌లో చేరింది. మొదట్లో సాధన వెదురు కర్రలతోనే. పదో తరగతి అయ్యాక కేరళలోని తలశ్శేరి శిక్షణ కేంద్రానికి వెళ్ళింది. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌కు అర్హత సాధించి, ఆ ఘనత అందుకున్న తొలి భారతీయ ఫెన్సర్ అయింది. మొదటి ఆటలో ట్యునీషియా క్రీడాకారిణిపై 15-3తో గెలిచి, రెండో ఆటలో ఫ్రాన్సుకు చెందిన మనోన్ బ్రూనే చేతిలో 7-15తో ఓడింది. 2023లో చైనాలోని వూషీలో ఆసియా చాంపియన్‌షిప్ కాంస్యం గెలిచింది. మేము పిల్లలకు పతకాల కన్నా ముందు వెదురు కర్రల గురించే చెప్పాం.

ఈ ఆటకు పెద్ద మైదానం అక్కర్లేదు. ఆడే బాట పొడవు 14 మీటర్లు, వెడల్పు ఒకటిన్నర నుంచి రెండు మీటర్లు. టేపు తెచ్చి మేడమీది వరండా కొలిస్తే పదహారు మీటర్లు వచ్చింది. సుద్దముక్కతో గీతలు గీశాం. కత్తి పట్టడం క్లబ్బులోనే. వరండాలో అడుగుల సాధన ఒక్కటే: ముందుకు రెండు, వెనక్కి ఒకటి, మోకాలు వంచి, వీపు నిటారుగా. క్లబ్బు మాస్టరు మొదటి రెండు నెలలు చూసింది పిల్లల కాళ్ళనే.

తల్లిదండ్రులు మొదట అడిగింది కత్తి గురించి. ఇందులో మూడు రకాలున్నాయి. ఫాయిల్‌తో మొండెం మీద మాత్రమే తాకాలి. ఎపేతో ఒళ్ళంతా ఎక్కడైనా తాకవచ్చు. సేబర్‌తో నడుము పైభాగం, చేతులు, తల. సేబర్‌లో మొనతోనే కాదు, అంచుతోనూ తాకవచ్చు. దేనికీ పదును ఉండదు. ఫాయిల్, సేబర్ బరువు అరకిలో లోపే. ముఖానికి ఇనుప జాలీ మాస్కు, ఒంటికి మందపాటి జాకెట్, దాని లోపల మరో రక్షణ పొర, చేతికి గ్లవ్, ఆడపిల్లలకు ఛాతీ కవచం తప్పనిసరి. కొత్తవి కొనాలంటే ఖర్చు వేలల్లోనే. మా పిల్లలు ఇప్పటికీ క్లబ్బు వాళ్ళిచ్చే సామగ్రితోనే ఆడుతున్నారు. గ్లవ్‌లు మాత్రం పూర్వ విద్యార్థులు కొనిచ్చారు.

రెండో భయం భాషది. మాస్టరు తమిళంలో చెబుతారు. మన పిల్లలు వీధిలో మాట్లాడేది తమిళమే కాబట్టి అది అడ్డు కాలేదు. అంతర్జాతీయ పోటీల్లో రిఫరీ ఆజ్ఞలు ఫ్రెంచిలో ఉంటాయి. అవి తమిళ పిల్లలకూ కొత్తే, ఇంగ్లీషు మీడియం పిల్లలకూ కొత్తే. ఇబ్బంది ఒక్కచోటే వచ్చింది. కాలు చాచి ముందుకు దూకి పొడిచే అడుగుకున్న ఇంగ్లీషు పేరు తెలుగు చెవికి మరోలా వినిపిస్తుంది. మాస్టరు ఆ మాట అన్నప్పుడల్లా మన ఆరుగురూ నవ్వు ఆపుకోలేక తిట్లు తిన్నారు. ఆయనకు విషయం చెప్పలేక మేమూ తలవంచుకున్నాం. చివరికి వరండా సాధనలో దానికి "దూకుడు అడుగు" అని పేరు పెట్టుకున్నాం. నవ్వులు ఆగాయి, అడుగూ కుదిరింది.

ఫాయిల్, సేబర్ ఆటల్లో మాకు నచ్చిన నియమం ఒకటుంది. ఇద్దరూ ఒకేసారి తాకితే, దాడి ముందు ఎవరు మొదలుపెట్టారో వారికే పాయింటు. ఎదుటివారు ఆ కత్తిని ముందు పక్కకు తోసి, ఆ తర్వాతే తిరిగి కొట్టాలి. తరగతిలో వాదనలు వచ్చినప్పుడు ఇప్పుడు పిల్లలే అంటున్నారు: "ముందు వాడి మాటకు జవాబు చెప్పు, తర్వాత నీది చెప్పు."

నిరుడు మొదటిసారి పోటీకి వెళ్ళాం. అక్కడ ఒక తప్పు జరిగింది. పిల్లల బోనఫైడ్ పత్రాలు మా అలవాటు కొద్దీ తెలుగులో రాసిచ్చాం. నమోదు బల్ల దగ్గర అవి ఎవరికీ చదవడం రాలేదు. వయసు తేలనిదే ఆడనివ్వరు. ఐదుగురికి ఆధార్‌తో పని జరిగింది. ఒక అబ్బాయి ఆధార్‌లో పుట్టిన తేదీ తప్పుగా పడింది. బడికి ఫోన్ చేసి ఇంగ్లీషు పత్రం తెప్పించేలోగా వాడి బృందం ఆటలు అయిపోయాయి. నిర్వాహకులు నియమం ప్రకారమే నడుచుకున్నారు. తప్పు మాది.

వాడు రెండు రోజులు బడికి రాలేదు. వచ్చాక ఓదార్పుగా భవానీదేవి సంగతి చెప్పాం. పద్నాలుగేళ్ళప్పుడు, టర్కీలో ఆడిన తొలి అంతర్జాతీయ పోటీలో మూడు నిమిషాలు ఆలస్యమైనందుకు నల్ల కార్డు చూపించి ఆమెను పంపేశారు. వాడు అంతా విని, "ఆ అక్క ఆలస్యంగా వెళ్ళింది. నేను ముందే వెళ్ళాను కదా మేడమ్" అన్నాడు. మా దగ్గర జవాబు లేదు. ఈ జూన్‌లో బడి తెరిచిన వారంలోనే ఆరుగురికీ తెలుగు, ఇంగ్లీషు రెండింటిలో పత్రాలు రాసి, పుట్టిన తేదీలు సరిచూసి ఫైలులో పెట్టాం. ఈ పేజీ చదివే ఉపాధ్యాయులకు మేము చెప్పగలిగిన అతి ముఖ్యమైన సంగతి ఇదే. భాష మీద అభిమానం మనది. దానివల్ల వచ్చే చిక్కు మాత్రం పిల్లల మీద పడకూడదు.

టీసీ అడిగిన తండ్రి కూతురూ ఆ పోటీలో ఆడింది. మొదటి దశలో ఒక్కో ఆట ఐదు పాయింట్లకు లేదా మూడు నిమిషాలకు. ఐదు ఆటల్లో నాలుగు ఓడింది, ఒకటి 5-4తో గెలిచింది. తర్వాతి దశకు చేరలేదు. ఓడినా గెలిచినా మాస్కు తీసి, ప్రత్యర్థికి, రిఫరీకి, చూసేవారికి కత్తితో నమస్కారం పెట్టింది. తండ్రి పూట సెలవు పెట్టి వచ్చి గోడవార నిలబడి చూశారు.

తిరుగు ప్రయాణంలో బస్సులో ఆయన కూతుర్ని అడిగారు: "నువ్వు పొడిచావు, దీపమూ వెలిగింది. పాయింటు ఎందుకియ్యలేదే?" "అది తెల్ల దీపం నాన్నా. చేతికి తగిలింది. ఫాయిల్‌లో చేతికి తగిలితే లెక్కలోకి రాదు. రంగు దీపం వెలగాలి" అని మొదలుపెట్టి, బడి దగ్గర స్టాపు వచ్చేదాకా ఆట మొత్తం చెప్పింది. అంతా తెలుగులోనే. వెనక సీటులో కూర్చుని మేము విన్నాం.

ఈ జూన్‌లో ఆయన టీసీ అడగలేదు. వచ్చే జూన్ సంగతి మేము చెప్పలేం, ఆయనా మాట ఇవ్వలేదు. ఫెన్సింగ్ వల్ల బడులు నిలబడిపోతాయని మేము అనడం లేదు. మీ ఊళ్ళో ఫెన్సింగ్ లేకపోతే చదరంగం ఉండవచ్చు, ఈత ఉండవచ్చు. క్లబ్బు ఎక్కడుందో వెతికి, గేటు దాకా పిల్లల్ని తీసుకెళ్ళే పెద్దవాళ్ళు ఒకరు ఉంటే చాలు. ఆలస్యమైన ఆ అబ్బాయి పేరు ఈసారి పోటీ జాబితాలో మొదట రాశాం. వాడి పత్రాల నకళ్ళు రెండు ఫైలులో ఉన్నాయి, ఒకటి మా చేతిసంచిలో ఉంది.