పిల్లలున్న ప్రయాణానికి ఎన్ని ఊళ్లు చాలు?

యూరప్ టూర్ కరపత్రం ఏది తీసినా వరస దాదాపు ఒకటే. పారిస్, బ్రస్సెల్స్, ఆమ్‌స్టర్‌డామ్, కొలోన్, రైన్ జలపాతం, స్విస్ మంచుకొండ, వెనిస్, పీసా, రోమ్. ఇన్నీ రెండు వారాల లోపే. పెద్దవాళ్లు ఎలాగో నెట్టుకొస్తారు. మూడేళ్ల పిల్లో ఐదేళ్ల పిల్లవాడో వెంట ఉంటే మాత్రం మూడో రోజుకే యాత్ర ఏడుపుల్లోకీ విసుగుల్లోకీ దిగుతుంది. ఈ తంటా యూరప్‌లోనే ఉందనుకోనక్కర్లేదు. దమ్మపేట నుంచి తెల్లవారకముందే కారు మాట్లాడుకుని బయల్దేరి, భద్రాచలంలో దర్శనం, పర్ణశాల, కిన్నెరసాని అన్నీ ఒక్క రోజులో చుట్టేసి రాత్రికి ఇల్లు చేరే యాత్రలోనూ ఇదే ఉంటుంది. చిన్నపిల్లలున్న ప్రయాణాన్ని దూరం, ఖర్చు కన్నా ఎక్కువగా చెడగొట్టేది రోజులో కుక్కిన చోట్ల సంఖ్య అని నా అభిప్రాయం. చోట్లు సగానికి తగ్గిస్తే అదే డబ్బుతో, అదే సెలవుల్లో పిల్లలకూ పెద్దలకూ మెరుగైన యాత్ర దక్కుతుంది.

ముందు గడియారం సంగతి చూద్దాం. మన వేసవి సెలవుల్లో పారిస్ సమయం మనకన్నా మూడున్నర గంటలు వెనక ఉంటుంది. ఇంటి దగ్గర ఉదయం ఆరింటికి లేచే పిల్ల అక్కడ మొదటి రోజుల్లో రాత్రి రెండున్నరకే లేచి కూర్చుంటుంది. సాయంత్రం ఏడింటికి భోజనానికి తీసుకెళితే ఆ పిల్ల ఒంటికి అది రాత్రి పదిన్నర. పైగా మే నెలాఖరున అక్కడ తొమ్మిదిన్నర దాటితేగానీ పొద్దు గూకదు. వెలుగుండగా పడుకోమంటే ఏ పిల్లలూ వినరు. నిద్ర ఒక దారికి రావడానికి కొన్ని రోజులు పడుతుంది. ఆ కొన్ని రోజుల్లోనే ప్యాకేజీ రెండు మూడు దేశాలు దాటేస్తుంది. దమ్మపేట నుంచి శంషాబాద్‌కు దాదాపు మూడు వందల కిలోమీటర్ల రోడ్డు ప్రయాణం, ఆపైన విమానంలో గంటల తరబడి కూర్చోవడం, ఆ తర్వాత రోజుకో హోటలు. యూరప్ చట్టం ప్రకారం టూరిస్టు బస్సు డ్రైవరు నాలుగున్నర గంటలు నడిపాక 45 నిమిషాలు విశ్రాంతి తీసుకొని తీరాలి. బండి నడిపే మనిషి అలసటకు చట్టం ఒక లెక్క పెట్టింది. వెనక సీట్లో బెల్టుతో కట్టి కూర్చోబెట్టిన నాలుగేళ్లవాడి అలసటకు లెక్క పెట్టాల్సింది తల్లిదండ్రులే. స్విట్జర్లాండ్‌లో ప్యాకేజీలు తరచూ తీసుకెళ్లే యుంగ్‌ఫ్రావ్‌యోక్ స్టేషన్ 3,454 మీటర్ల ఎత్తున ఉంది. కింద ఇంటర్లాకెన్ ఆరు వందల మీటర్లయినా లేదు. కొద్ది గంటల్లోనే అంత ఎత్తుకు చేరితే పెద్దవాళ్లలోనే కొందరికి తల నొప్పి మొదలవుతుంది. చెవి నొప్పో తల నొప్పో చెప్పుకోలేని పసివాళ్లు ఏడుస్తారు. మనం దాన్ని మొండితనం అనుకుంటాం.

పిల్లల చూపు ఎక్కడ ఆగుతుందో తెలుసుకోవడానికి పర్ణశాల చాలు. భద్రాచలానికి 35 కిలోమీటర్ల దూరంలో, గోదావరి పక్కన, దుమ్ముగూడెం మండలంలో ఉంది. రావణుడు, బంగారు లేడి, సీతమ్మ బొమ్మలు వరసగా ఉంటాయి. పెద్దలు వాటి ముందు ఫొటోలు దిగుతారు. పిల్లలు కాసేపు చూసి సీతవాగు వైపు లాగుతారు. సీతమ్మ చీర ఆరేసిందని చెప్పే రాతి చారలు, పసుపు కుంకుమ రాళ్లంటూ చూపించే రంగు రాళ్లు అక్కడున్నాయి. రాయి ఏరడం, తడపడం, రంగు మారిందా అని చూడటం, ఇంకో రాయి వెతకడం. ఈ పనికి ఐదేళ్ల పిల్లకు గంట కూడా చాలదు. ఆ గంటలో రామాయణం గురించి ఆ పిల్ల అడిగే ప్రశ్నలు బొమ్మల ముందు అడగదు. కారు దగ్గర నుంచి "టైమవుతోంది, రండి" అన్న కేక అప్పుడే వస్తుంది. దమ్మపేట మండలంలోనే అప్పారావుపేట పామాయిల్ ఫ్యాక్టరీ ఉంది. గెలలు నింపుకొని ఆ వైపు పోయే ట్రాక్టర్లు పిల్లల కళ్లకు పెద్ద వేడుక. చూడాల్సిన చోట్ల జాబితాలో మనం వాటిని రాసుకోం. పారిస్‌లోనూ అంతే. లక్సెంబర్గ్ తోటలో నీటి కొలను ఒకటి ఉంది. పిల్లలు చిన్న తెరచాప పడవలు అద్దెకు తీసుకుని కర్రతో నెట్టుకుంటూ ఆడుకుంటారు. నాలుగేళ్లవాడికి మోనాలిసా ముందు తోపులాటకన్నా అది వెయ్యి రెట్లు మేలైన పారిస్.

ఇంతకీ అంత చిన్న వయసులో చూసింది ఏం గుర్తుంటుంది, తీసుకెళ్లడమే దండగ కదా అనే వాదన ఒకటి బలంగా ఉంది. దానిలో నిజం ఉంది. పెద్దయ్యాక మనకు మిగిలే తొలి జ్ఞాపకాలు సగటున మూడు, మూడున్నరేళ్ల వయసువి. అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో ప్యాట్రిషియా బావర్ చేసిన పరిశోధనలో మూడేళ్ల పిల్లల చేత అప్పటి సంఘటనల గురించి మాట్లాడించి రికార్డు చేశారు. ఐదు నుంచి ఏడేళ్ల వయసులో మళ్లీ అడిగితే వాటిలో 60 శాతానికి పైగా చెప్పగలిగారు. ఎనిమిది తొమ్మిదేళ్లకు అది 35 శాతం దగ్గరకు పడిపోయింది. జ్ఞాపకం జారిపోతుందన్న మాట నిజమే. అయితే తల్లిదండ్రులు జరిగినదాన్ని వివరంగా, పిల్లలచేత చెప్పిస్తూ మాట్లాడుకునే ఇళ్లలో పిల్లలకు ఎక్కువ గుర్తుంటుందని రాబిన్ ఫైవుష్ వంటివారి పరిశోధనలు చెబుతున్నాయి. మాట్లాడుకోవాలంటే అక్కడ ఏదో ఒకటి జరిగి ఉండాలి. అన్ని ఊళ్లూ బస్సు అద్దంలోంచి చూసిన పిల్లకు తాతయ్యతో చెప్పడానికి ఏమీ ఉండదు. కొలను దగ్గర ఆడుకున్న పిల్లకు, పడవ కర్రకు అందకుండా కొలను మధ్యకు పోయిందని చెప్పడానికి ఉంటుంది. పైగా గుర్తుండదు కాబట్టి దండగ అనే లెక్కను పాటిస్తే మూడేళ్లలోపు పిల్లకు జోలపాట కూడా పాడనక్కర్లేదు. ఆ రోజున ఆ పిల్ల సంతోషంగా ఉండటానికి దాని విలువ దానికి ఉంది.

రెండో వాదన డబ్బుది. లక్షలు పోసి వెళుతున్నాం, వీసా మళ్లీ దొరుకుతుందో లేదో, అన్నీ చూసి రావాలి కదా. ఒక్క షెంజెన్ వీసాతో 29 దేశాలు తిరగవచ్చు. తిరిగి తీరాలని మాత్రం ఎవరూ అనరు. ఈ లెక్కలో పిల్లల వాటా నిజానికి తక్కువ. 2024 జూన్ నుంచి వీసా రుసుము పెద్దలకు 90 యూరోలు, ఆరు నుంచి పన్నెండేళ్ల లోపు వారికి 45, ఆరేళ్లలోపు వారికి ఉచితం. లూవ్ర్ మ్యూజియంలో 18 ఏళ్లలోపు వారికి టికెట్ లేదు. స్విస్ రైళ్లలో ఆరేళ్లలోపు పిల్లలు పెద్దలతో ఉచితంగా వెళతారు. పిల్లవాడు అలిసిపోయాడని మ్యూజియం నుంచి అరగంటకే ఒకరు బయటికొస్తే పోయేది ఒక్క టికెట్టు. అమ్మమ్మకు రోమ్ చూడాలనే కోరిక ఉంటే ఆమె తప్పక చూడాలి. ఆ పూట పిల్లలతో ఒకరు పార్కులో ఆగిపోతే సరిపోతుంది. గుంపు ప్యాకేజీలో ఇలా విడిపోవడం కష్టం. అయినా భాష రానివారికి, మన తిండి కావలసినవారికి ప్యాకేజీయే దిక్కు అన్న మాటను నేను కాదనను. అలాంటివారు ప్రతి ఊళ్లో కనీసం రెండు మూడు రాత్రులు ఉంచే టూర్‌నే అడగాలి. కొడుకో కూతురో జర్మనీలో ఉద్యోగం చేస్తున్న ఇళ్లు ఇంకా తేలిక. వాళ్లింట్లోనే దిగి, రోజు విడిచి రోజు రైలెక్కి ఒక ఊరు చూసి రావచ్చు.

జాబితా పట్టుకుని తిరగడంలో ఇంకో ప్రమాదం ఉంది. వెనక్కి తగ్గాల్సిన చోట తగ్గనివ్వదు. 2019 సెప్టెంబరు 15న పాపికొండల విహారానికి వెళుతున్న పడవ గోదావరి ఉధృతంగా ఉండగా కచ్చులూరు దగ్గర మునిగి దాదాపు 50 మంది చనిపోయారు. వారిలో పిల్లలూ ఉన్నారు. భద్రాచలం వైపు నుంచి పోచవరం రేవులో పడవ ఎక్కే కుటుంబాలు అడగాల్సినవి రెండున్నాయి. నది ఇవాళ ఎలా ఉంది, పిల్లల కొలతకు సరిపోయే లైఫ్ జాకెట్ ఉందా. పెద్దల జాకెట్ పసివాడి మెడలోంచి జారిపోతుంది. పిల్లల జాకెట్ లేదంటే పడవ ఎక్కకూడదు. అదే రోజు పేరంటాలపల్లి చూడాలి, చీకటి పడేలోగా ఇంకో గుడికి చేరాలి అని అనుకున్నవారు ఆ ప్రశ్నలు అడగడానికే మొహమాటపడతారు. ఆ రోజుకు ఒక్కటే పని పెట్టుకున్నవారు పిల్లల్ని తీసుకుని రేవు నుంచి వెనక్కి వచ్చి, చలికాలం నీరు తేటపడ్డాక మళ్లీ వెళ్లగలరు.