వినలేని బిడ్డకు ఏ భాష నేర్పాలి?



"సిస్టరమ్మా, పాపతో సైగలు చేస్తే ఇక మాటలు రావంటున్నారు, నిజమేనా?" వినికిడి లోపమున్న బిడ్డల తల్లులు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఇది. మిషన్ పెట్టి మాటలే నేర్పమని కొందరు, సైగల బడిలో వేయమని కొందరు చెబుతారు. మధ్యలో తల్లి నలిగిపోతుంది.

అసలు ప్రమాదం ఆలస్యమే

చెవుడుతో పుట్టిన బిడ్డకు గొంతు, నాలుక సాధారణంగా బాగానే ఉంటాయి. మాట చెవిన పడదు గనుక నోటికి రాదు. అది తెలివి లోపం కాదు. అయితే మెదడు భాషను బాగా అందుకునేది మొదటి కొన్ని సంవత్సరాలలోనే. ఆ కాలం ఏ భాషా లేకుండా గడిచిపోతే చదువుకు, ఆలోచనకు, నలుగురితో కలవడానికి కూడా దెబ్బే.

"వాళ్ళ నాన్నకీ మాటలు ఆలస్యంగానే వచ్చాయిలే" అని ఊరుకోవద్దు. పెద్ద చప్పుడుకు ఉలిక్కిపడకపోయినా, పిలిస్తే తిరిగి చూడకపోయినా వెంటనే పరీక్ష చేయించండి. నిద్రపోతున్న పసిబిడ్డకు కూడా నొప్పి లేకుండా చేయవచ్చు. నెలలోపు పరీక్ష, 3 నెలలలోపు నిర్ధారణ, 6 నెలలలోపు చికిత్స, శిక్షణ మొదలుకావడం మంచిది.

మిషన్ ఏమి చేస్తుంది?

వినికిడి మిషన్ చప్పుడును పెంచుతుంది. ఆ చప్పుడులో మాటను గుర్తించడం బిడ్డ నేర్చుకోవాలి. చెవిలో పెట్టే అచ్చును బిడ్డ ఎదిగేకొద్దీ మార్పించాలి. చెవుడు తీవ్రంగా ఉన్న కొందరికి కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్ ఉపయోగపడుతుంది. దాని తర్వాత సంవత్సరాల తరబడి శిక్షణ అవసరం. స్నానానికో నిద్రకో మిషన్ తీసినప్పుడు బిడ్డకు మళ్ళీ నిశ్శబ్దమే. అప్పుడు అమ్మ చేతులే ఆధారం.

సైగలంటే భయమెందుకు?

1880లో ఇటలీలోని మిలాన్‌లో జరిగిన బధిర విద్యా మహాసభ బడులలో సైగలు వద్దని తీర్మానించింది. ఆ మాట దేశదేశాలకు పాకింది. 2010లో కెనడాలోని వాంకూవర్ సభ ఆ తీర్మానాన్ని తోసిపుచ్చింది. సైగలు మాటలను ఆపుతాయనడానికి సరైన ఆధారం లేదు. భారతీయ సైగల భాషకు సొంత పదాలు, సొంత వ్యాకరణం ఉన్నాయి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం కూడా సైగల భాషను గుర్తించింది. కాబట్టి మిషను, సైగలు రెండూ కలిసి నడవవచ్చు.

ఇల్లంతా నేర్చుకోవాలి

హాస్టలులో స్నేహితులతో చేతులతో గలగలా మాట్లాడే పిల్ల, క్రిస్మస్ సెలవులకు ఇంటికొస్తే "తిను, రా, పడుకో" అన్న మూడు సైగలే దొరుకుతాయి. బిడ్డ తనకు దూరమైందని తల్లి కుమిలిపోతుంది. తప్పు ఇద్దరిదీ కాదు. అమ్మ ఒక్కతే కాక నాన్న, నాయనమ్మ, అన్నదమ్ములు కూడా రోజుకు రెండు సైగలు నేర్చుకుంటే ఆ దూరం తగ్గుతుంది. ఢిల్లీలో 2015లో ఏర్పడిన భారతీయ సైగల భాష పరిశోధన, శిక్షణ కేంద్రం వీడియోలు ఇందుకు ఉపయోగపడతాయి.

లూకా సువార్త మొదటి అధ్యాయంలో జెకర్యాకు మాట పడిపోయినప్పుడు బంధువులు సైగలు చేసి అడిగారు, ఆయన పలక మీద వ్రాశాడు. ఎవరూ సిగ్గుపడలేదు.

సండే స్కూలు టీచర్లు ఇలాంటి బిడ్డను ముందు వరుసలో కూర్చోబెట్టండి. మీ ముఖం కనబడేలా, వెలుతురులో నిలబడి మాట్లాడండి. "మూగది" అని పిలవకండి, పేరు పెట్టి పిలవండి. ఆ పేరుకు ఒక సైగ ఉంటే, అదీ నేర్చుకోండి.