బాప్తిస్మ పుస్తకాన్ని దాచుకునే వాడలు

మా జహీరాబాద్ ఎస్సీలకు రిజర్వు అయిన శాసనసభ స్థానం. ఇక్కడి మాదిగవాడలో పుట్టిన వ్యక్తి తాను క్రైస్తవుడినని ప్రకటించుకుంటే, ఆ స్థానంలో పోటీచేసే అర్హత కోల్పోతాడు. అతని ఇల్లు అదే వాడలో ఉంటుంది, ఊరు అతన్ని చూసే చూపూ మారదు. కాగితం మీద కులం మాత్రం మాయమవుతుంది. ఈ వైరుధ్యం ఎంత లోతైనదో నాకు తెలిసింది పాలమూరు ప్రాంతంలోని ఒక పల్లె మెన్నొనైట్ సంఘంలో, పాత బాప్తిస్మ పుస్తకం ముందు కూర్చున్నప్పుడు.

తెలంగాణలో మెన్నొనైట్ల చరిత్ర 1889లో రష్యా నుంచి వచ్చిన అబ్రహాం ఫ్రీసెన్ దంపతులతో మొదలైంది. వారు అమెరికన్ బాప్టిస్టు మిషన్ తరఫున నల్లగొండలో పనిచేశారు. 1899లో అమెరికాలోని మెన్నొనైట్ బ్రెదరెన్ సంఘం తన సొంత మిషనరీలను హైదరాబాద్ సంస్థానానికి పంపింది. ఆ తర్వాతి దశాబ్దాల్లో నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, దేవరకొండ, మహబూబ్‌నగర్ కేంద్రాలుగా పల్లె సంఘాలు ఏర్పడ్డాయి. వాటిలో చేరినవారు అత్యధికులు మాల, మాదిగలే.

మెన్నొనైట్ల మూలం 1525లో జ్యూరిక్‌లో మొదలైన ఉద్యమంలో ఉంది. పసిబిడ్డలకు కాక, తెలిసి విశ్వసించిన వారికే బాప్తిస్మం ఇవ్వాలన్నందుకు ఐరోపా పాలకులు వారిని నీట ముంచి, నిప్పుల్లో కాల్చి చంపారు. అందుకే వారి బాప్తిస్మ పుస్తకంలో ఉన్న ప్రతి పేరూ ఒక మనిషి స్వయంగా తీసుకున్న నిర్ణయానికి సాక్ష్యం. దొర లెక్కల్లో బాకీదారుగానో, వెట్టిమనిషిగానో మాత్రమే కనిపించే వ్యక్తి ఇక్కడ తండ్రి పేరుతో, ఊరి పేరుతో, తేదీతో నిలబడతాడు. దళిత చరిత్రకారుడికి ఇంతకంటే విలువైన ఆధారం అరుదు.

నేను ఆ పేజీలను రాసుకుంటుంటే ఒక వృద్ధుడు దగ్గరికి వచ్చాడు. ‘ఇండ్ల మా నాయిన పేరున్నదని ఎక్కడా రాయకు సారూ. పిల్లగాని సర్టిఫికెట్ పోతది’ అన్నాడు. నేను కలం మూశాను.

ఆయన భయానికి మూలం 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులోని మూడో పేరా. హిందువులకే పరిమితమైన ఎస్సీ హోదాను 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించారు. క్రైస్తవ, ముస్లిం దళితులు నేటికీ వెలుపలే ఉన్నారు. తెలుగు రాష్ట్రాల్లో క్రైస్తవులైన ఎస్సీలకు దక్కేది బీసీ–సి కింద ఒక శాతం. అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ వారికి వర్తించదు.

1985లో సూసై కేసులో సుప్రీంకోర్టు, మతం మారాక కూడా అదే తీవ్రతతో వివక్ష కొనసాగుతున్నదని ఆధారాలు చూపాలన్నది. ఆ ఆధారాలు ఎక్కడున్నాయి? సంఘాల సభ్యత్వ పుస్తకాల్లో, తీర్మానాల్లో, శ్మశానం కోసం పెట్టుకున్న అర్జీల్లో ఉన్నాయి. వాటిని బయటపెడితే ఉన్న హక్కు పోతుంది. దాచిపెడితే రావలసిన హక్కును నిరూపించే దారి మూసుకుపోతుంది. చట్టమే సాక్ష్యం అడుగుతుంది, చట్టమే సాక్షి నోరు నొక్కుతుంది.

ఈలోగా మిషనరీల లేఖలు, నివేదికలు కాలిఫోర్నియాలోని ఫ్రెస్నోలో భద్రంగా ఉన్నాయి. వారు ఎవరి గురించి రాశారో ఆ మనుషుల పుస్తకాలు మాత్రం మన పల్లెల్లో చెదలకు ఆహారమవుతున్నాయి. వాటిని డిజిటల్ ప్రతులుగా మార్చి కాపాడాలి. అయితే వాటిపై అధికారం ఆ వాడలదే కావాలి. బతికున్నవారి కుటుంబాల పేర్లు వారి అనుమతి లేకుండా బయటికి రాకూడదు. చర్చి కూడా తన గోడల మధ్య మాల, మాదిగల నడుమ కొనసాగుతున్న అంతరాలను నిజాయితీగా నమోదు చేయాలి. తనలో కులమే లేదని చెప్పుకునే చర్చి, మూడో పేరాను సమర్థించేవారికే వాదన అందిస్తుంది.

క్రైస్తవ దళితులు వస్తే తమ వాటా తగ్గుతుందన్న ఎస్సీల ఆందోళన న్యాయమైనదే. దానికి పరిష్కారం జనాభాకు తగినట్టు కోటాను పెంచడం. పక్కింటి సోదరుణ్ని గడప బయట నిలబెట్టడం పరిష్కారం కాదు.

ఆ వృద్ధుని తండ్రి పేరు నేను ఇక్కడ రాయలేదు. ఆ పేరును ఆయన మనవడు గర్వంగా, నిర్భయంగా రాసుకోగలిగిన రోజునే మూడో పేరా రద్దయిందని నమ్ముతాను.